కూర్చున్న ఎత్తు

"నేనే" అనేశాడు. అని, ఆ మాట పక్కనెవరో అన్నట్టు ఒక క్షణం అటూ ఇటూ చూశాడు. కౌంటరు వెనకమ్మాయి కంప్యూటర్లోంచి తల ఎత్తకుండానే అడిగినదానికి జవాబది, ఈ బ్యాటరీ బండి ఎవరు వాడతారండీ అని. నడవలేక దాన్ని వాడే మనిషి ఇదే విమానంలో ఉంటేనే బండి ఎక్కుతుందనీ, లేకపోతే సరుకుల విభాగంలో ఇచ్చుకోవాలనీ, బ్యాటరీ కాగితాలన్నీ చూసి వాళ్ళు పంపేసరికి పది రోజులు పట్టొచ్చనీ అంతకుముందే చెప్పింది. వాడే మనిషి పోయి ఏడు నెలలైంది. ఆ సంగతి చెప్పడానికే నోరు తెరిచాడు, తెరిచిన నోట్లోంచి రెండక్షరాలు జారిపడ్డాయి. అరవయ్యెనిమిదేళ్ళలో ఆయన ఆడిన అబద్ధాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు, అవి కూడా ఎవరో ఒకరి మనసు నొచ్చుకోకుండా ఆడినవే. ఇది ఎవరి మనసు కోసమో ఆయనకే తెలియలేదు. ఆ అమ్మాయి అప్పుడు తలెత్తి చూసింది. బండి హ్యాండిల్ మీద రెండు చేతులూ ఆన్చి, ఆయాసంతో ముందుకు వంగి నిలబడ్డ ముసలాయన. నమ్మింది. నమ్మి, ఎంతో మర్యాదగా, "మరి నిలబడ్డారేం సార్, కూర్చోండి" అంది.

కూర్చున్నాడు. ఎనిమిదేళ్ళు ఆ బండిని తుడిచాడు, రోజూ చార్జింగు పెట్టాడు, టైర్ల సందుల్లో ఇరుక్కున్న గులకరాళ్ళను చెంచా కాడతో పీకాడు, ఎక్కి కూర్చోవడం మాత్రం ఒక్కసారీ చెయ్యలేదు, ఒకరి కళ్ళజోడు ఇంకొకరు పెట్టుకుంటారా ఎక్కడైనా. ఇప్పుడు కూర్చుంటే సీటు ఆయన్ని ఒప్పుకోలేదు. ఎడమవైపు పల్లంగా ఉంది, పోయిన భార్య ఎప్పుడూ ఎడమకి ఒరిగే కూర్చునేది కాబట్టి. ఎడమ చేతిపట్టీ మీద రెక్సిను అరిగిపోయి లోపలి స్పాంజి పచ్చగా, సరిగ్గా మోచేయంత మేర బయటపడి ఉంది. తన మోచేయి అక్కడ పెట్టబోయి తీసేశాడు. కాసేపటికి, ఎవరు చూడొచ్చార్లే అని, పెట్టాడు. ఒళ్ళో తీగబుట్ట, బుట్టలో విప్పేసిన అద్దం, చేతికర్ర తగిలించే కొక్కెం, మడతపెట్టిన వాన తొడుగు. విడి సామాన్లన్నీ ముందే తీసెయ్యాలని రాసి ఉంటే రాత్రి కూర్చుని ఒక్కొక్క మరా విప్పాడు, విప్పిన మరలన్నీ పాత మాత్రల సీసాలో వేశాడు. ఆ సీసా మీద ఆమె పేరూ వేళలూ ఇంకా ఉన్నాయి. రోజుకు మూడుసార్లు, భోజనం తరవాత.

తోడు రావడానికి నీలం కోటు వేసుకున్న మనిషొచ్చింది. నలభయ్యైదేళ్ళుంటాయేమో, చేతిలో గరగరమనే వాకీటాకీ. "పదండి బాబాయిగారూ, నా వెనకాలే రండి. మెల్లగా సుమండీ. మొన్నొకాయన ఇలాగే తోలుకొచ్చి నా మడమ మీదకెక్కించాడు. వారం కుంటుతూ నడిచాను. ఇప్పుడు నిన్ను తోసుకెళ్ళడానికి ఇంకో మనిషిని పెట్టాలా అని మా ఇన్‌ఛార్జి ఎగతాళి" అంది. ఆయన నవ్వబోయి ఆగాడు. నవ్వితే నడవగలిగే మనిషిలా కనిపిస్తానేమో అని ఎక్కడలేని భయం. ఇంతకీ కాళ్ళు లేనివాడు నవ్వడా? ఆమె ఎంత నవ్వేది, ముందుచక్రం గుమ్మానికి తగిలినప్పుడల్లా, గుమ్మానికే క్షమాపణ చెప్పి మరీ.

బండి కదిలింది, దానితో పాటు లోకం కదిలింది, ఆయన ఎన్నడూ చూడని లోకం. మొహాలు లేవు. బెల్టులు, బొజ్జలు, ఊగే సంచులు, జిప్పులు, మొహానికి తగలబోయి తప్పుకునే మోచేతులు. నిలబడి చూస్తే మైదానంలా ఉండే హాలు కూర్చుంటే అడివిలా ఉంది. నీళ్ళ కొళాయి ఎక్కడో గడ్డం పైన ఉంది. దుకాణం గల్లా మీద ఏముందో కనపడదు, గల్లాకి కొట్టిన రేకు మాత్రం కనపడుతుంది. ఎనిమిదేళ్ళు ఆయన పక్కన నడుస్తూ పైనుంచి అన్నీ చూపించేవాడు, అదిగో ఆ కుండీలో పూలు చూడు, అదిగో నది మీద ఆ పడవ చూడు. ఊఁ, బాగుంది అనేది. పడవ బాగుందన్న రోజున వంతెన మీద ఆమె కళ్ళకు ఎదురుగా ఏముండి ఉంటుంది? కమ్మీ. రెండు కమ్మీల మధ్య ఇంకో కమ్మీ. ఎలా చూసింది పడవని. చూడలేదు. చూడలేదని ఆయనకు చెప్పనూ లేదు.

"కాస్త జోరుగా రావచ్చు బాబాయిగారూ, మరీ ఇంత నెమ్మదైతే విమానం దిగేవాళ్ళతో కలిసిపోతాం" అంది నీలం కోటు. హ్యాండిల్ మీద వేగం మార్చే చిన్న మర ఉంది, ఒక చివర తాబేలు బొమ్మ, ఇంకో చివర కుందేలు బొమ్మ. తాబేలు దగ్గరే ఉంది, ఎప్పుడూ అక్కడే ఉంటుంది, ఇది నెమ్మది బండి అనే ఆయన అందరికీ చెబుతూ వచ్చాడు. కొద్దిగా తిప్పాడో లేదో బండి గుర్రంలా ఎగిరింది. బుట్టలో సీసా గలగలమంది. కంగారుగా మళ్ళీ వెనక్కి తిప్పి, హ్యాండిల్ పట్టుకుని కూర్చుంటే అప్పుడు తట్టింది. ఇది ఇంత పరిగెత్తుతుంది. పక్కన ఆయాసం మనిషి నడుస్తున్నాడని ఎనిమిదేళ్ళూ తాబేలు మీదే పెట్టుకుంది. అడగలేదు, చెప్పలేదు. ఇంట్లో తను లేనప్పుడు, కూరగాయలకు వెళ్ళినప్పుడు, వసారాలో ఈ చివరి నుంచి ఆ చివరికి కుందేలు మీద పెట్టి ఎప్పుడైనా రయ్యిమని పోయిందా? పోయే ఉంటుందనుకుంటే కొంచెం హాయిగా ఉంది. పోలేదేమో అనుకుంటే లేదు.

తనిఖీ దగ్గర ఒకతను చేతిలో కర్రలాంటి యంత్రంతో వచ్చి, ఆయన తల మీదుగా నీలం కోటుని అడిగాడు. "ఈయన లేవగలడా?"

"లేవలేరేమో సార్. కూర్చోబెట్టే చూసెయ్యండి."

ఆ ఇద్దరి మధ్యా ఆయన ఉన్నాడు, ఆయనకో నోరుంది, అందులో పళ్ళు కూడా చాలావరకు ఉన్నాయి. అయినా మాట ఆయన మీదుగా అటు వెళ్ళి ఇటు వచ్చింది, గోడ మీద పిల్లి నడిచినట్టు. చేతులెత్తించి చూశాడు, వీపు కింద చూశాడు, సీటు కింద ఒక పేపరు ముక్కతో రుద్ది తీసుకెళ్ళాడు. వెళ్తూ, "ఈయనతో ఇంట్లోవాళ్ళెవరూ రాలేదా?" అన్నాడు, అదీ ఆవిడతోనే. తానూ ఒళ్ళోని బుట్టలాంటి సామానేననిపించింది ఆయనకు. బుట్టకు ఈ సంగతి ఎన్నాళ్ళనుంచి తెలుసో. ఈవిడ లేవగలరా అనేవాళ్ళు, ఆమె తల మీదుగా, ఆయన్ని చూసి. లేవలేరండీ అనేవాడు వెంటనే, ఆమెకు ఆ మాట చెప్పుకునే కష్టం లేకుండా. ఈవిడకు ఏ వైపు సీటు కావాలి. కిటికీ వైపండీ. ఈవిడకు కాఫీయా టీయా. కాఫీ, చక్కెర తక్కువ. ఎంత చురుగ్గా ఇచ్చేవాడు జవాబులు, ఎంత ప్రేమగా, ఒక్కటి తప్పేది కాదు. ఒకసారి ఎక్కడో హోటల్లో కాఫీ తాగి బయటికి వచ్చాక, తాబేలు మీద నడుస్తూ ఆమె అంది, ఇవాళ మాత్రం నాకు చక్కెర ఎక్కువ కావాలనిపించిందండీ. దానికేం, వెనక్కి వెళ్దామా అన్నాడు. వద్దులెండి, ఊరికే చెప్పాను అంది. ఊరికే చెప్పింది కదా అని ఊరుకున్నాడు.

జవాబులందించే జబ్బు మీకు, అనేది. అది కాలేజీలో పట్టుకున్న జబ్బు. భౌతికశాస్త్రం ప్రయోగశాలలో డెమాన్‌స్ట్రేటరుగా ముప్పైమూడేళ్ళు, కొలతలు, లోలకాలు, తీగచుట్టలు, బీరువా తాళాలు. ప్రాక్టికల్ పరీక్షలకి బయటి కాలేజీ నుంచి ఎవరో పెద్దమనిషి వచ్చి ప్రశ్న వేస్తే, ఎదురుగా నిలబడ్డ పిల్లల గొంతులో గుటక కదలడం చూసి ఓర్చుకోలేకపోయేవాడు. బీరువాలో ఏదో వెతుకుతున్నట్టు అటు తిరిగి జవాబు గొణిగేవాడు. ఒక పరీక్షాధికారి, ఏమయ్యా, ఈ మార్కులన్నీ నీకే వేసి పోనా అన్నాడు. ఇంటికొచ్చి చెబితే ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది, వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంది. కానీ ఒకమ్మాయి ఉండేది, బెల్టులేని పెద్ద గడియారం జేబులో పెట్టుకుని తిరిగేది. పరీక్షయ్యాక చేతులు కడుక్కునే తొట్టి దగ్గర నిలబడి ఏడ్చింది. ఏమ్మా, బాగానే చెప్పావుగా అంటే, నాకు తెలుసు సార్ ఆ జవాబు, చెప్పబోతున్నాను, మీరు చెప్పేశారు అంది. ఈ సంగతి మటుకు ఇంట్లో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇరవయ్యేళ్ళ తరవాత ఇక్కడ, ఈ సీటులో, ఎవరిదో సంచి బకిలు చెవికి తగులుతుంటే అర్థమవుతోంది.

గేటు దగ్గర ఒక పక్కగా ఆపి, "పిలిచినప్పుడు తీసుకెళ్తా, ఇక్కడే ఉండండి" అని నీలం కోటు ఎదురు బెంచీ మీద కూర్చుంది. ఎండ పెద్ద అద్దాల్లోంచి పడి నేలమీద పలకలు పలకలుగా ఉంది. ఇక్కడే ఉండండి. ఉండక ఎక్కడికి వెళ్తాడు? మూత్రశాల పది అడుగుల్లో ఉంది, లేచి వెళ్తే దొంగతనం బయటపడుతుంది. ఆమె ప్రయాణాల రోజున పొద్దున్నించీ నీళ్ళు ముట్టుకునేది కాదు. దాహం లేదండీ అనేది. ఎండాకాలంలో కూడా దాహం లేదనేది, ఆయన నమ్మాడు, భౌతికశాస్త్రం చదివిన మనిషి.

ఆస్పత్రి గది గుర్తుకు రావొద్దు అనుకున్నాడు, ఇక్కడ వద్దు, కానీ అద్దాల వెలుగు అలాగే పడుతుండేది అక్కడ కూడా, మంచం కాళ్ళ మీదుగా. ఆమె మొహానికి గాలి తొడుగు. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి, అన్నీ వింటున్నాయి. డాక్టరు మంచానికి ఇటు ఉన్నాడు, ఆయన అటు. ఇంటికి తీసుకెళ్తారా, ఇక్కడే ఉంచుదామా, మీ ఇష్టం అన్నాడు డాక్టరు, ఆమె మీదుగా. ఇక్కడే ఉంచండి, అదే తనకి మంచిది అన్నాడు. ఎంత తడుముకోకుండా అన్నాడు! ఆమె తల కొంచెం ఇటు తిప్పింది. తొడుగు లోపల ఆవిరి ఒకసారి పట్టి, ఒకసారి పోయింది. ఏమైనా అందేమో. ఊపిరేనేమో. మూడు రోజులున్నాయి ఆ తరవాత. మూడు రోజుల్లో ఒక ప్రశ్న అడగడానికి వ్యవధి లేకపోయిందా? నర్సు దిండు సరిచేస్తూ, అమ్మా, ఇటు తిరుగుతారా అని ఆమెనే అడగడం, ఆమె కళ్ళు మూసి తెరిచి ఊఁ అనడం చూశాడు. ఆ నర్సుకి దణ్ణం పెట్టాలనిపించింది అప్పుడు. ఎందుకో తెలియలేదు అప్పుడు.

ఇప్పుడు మరదలు. ఆమె ఒక్కగానొక్క చెల్లెలు, పెళ్ళినాటికి పన్నెండేళ్ళది. సెలవులన్నీ వీళ్ళింట్లోనే, లెక్కలు చేయించమని పుస్తకం తెచ్చి ఆయన పక్కన కూర్చుని ఆయన చేతే చేయించుకునేది గడుసుపిల్ల. ఇప్పుడు దర్జీ కొట్టు నడుపుతోంది, ఒంటరి మనిషి, ఎవరికీ తల వంచదు. అక్కకి వచ్చిందే తనకీ వచ్చింది, అదే కండరాల జబ్బు, అదే రక్తంలోంచి. నాలుగు నెలల్లో మూడుసార్లు పడింది. మొదట ఫోనులో, కుట్టుమిషను పెడలు మీద కాలు పెడితే నా మాట వినట్లేదు బావా, పెంకిగా తయారైంది, నీ మరదలి కాలు కదూ అని నవ్వింది. ఆయన నవ్వలేదు. అక్క కూడా చెప్పింది ముందు కాలు గురించే. పోయిన వారం ఇదే ఫోనులో, బండి తెస్తాను అన్నాడు. వద్దు బావా, నాకింకా కాళ్ళున్నాయి అంది. సరే, ఊరికే చూసిపోవడానికి వస్తానన్నాడు, రా అంది. రాత్రి మరలు విప్పుతున్నంతసేపూ ఆయనకో ధీమా, తెచ్చి ఎదురుగా పెడితే ఎక్కుతుందిలే, దానికి అవసరం, నాకు తెలుసు. నాకు తెలుసు.

"పదండి బాబాయిగారూ, ముందు మనల్నే పిలుస్తున్నారు."

విమానం తలుపు దాకా వాలుగా దిగే గొట్టం లాంటి దారి. తలుపు పక్కన సామాన్లెత్తే మనిషి, చెవులకు చప్పుడు ఆపే పెద్ద డిప్పలు, చేతిలో చీటీ. బండిని అటూ ఇటూ చూసి డిప్ప ఒకటి పక్కకి జరిపి, "ఈయన దిగ్గలడా? కుర్చీ తెప్పించాలా?" అని ఆవిడని అడిగాడు.

ఆవిడ ఆయన వైపు తిరిగింది. మోకాళ్ళ మీద కూర్చుంది, కీళ్ళు కటకటమంటుంటే అబ్బా అనుకుంటూ. ఇంతసేపటికి ఆయన ఎత్తుకి ఒక మొహం వచ్చింది, ముక్కు పక్క పుట్టుమచ్చతో, చెమటతో. "బాబాయిగారూ, మీరు చెప్పండి. దిగ్గలరా?"

పైనుంచి అడిగుంటే అబద్ధమాడగలిగేవాడేమో. "దిగ్గలను. నడవగలను కూడా. ఈ బండి నాది కాదమ్మా, మా ఆవిడది. ఆవిడ లేదు."

"నడవగలరని నాకు తెలుసు. గేటు దగ్గర కూర్చున్నంతసేపూ ఎడమకాలు ఊపుతూనే ఉన్నారు."

"మరి చెప్పలేదేం?"

"నన్నెవరడిగారు?" అంది. కోపంగా కాదు. "ఇంతకీ ఎవరికి తీసుకెళ్తున్నారు?"

"మా మరదలికి."

"తెమ్మందా?"

అవసరమమ్మా దానికి, అన్న జవాబు నాలుక మీద సిద్ధంగా ఉంది. "వద్దంది" అన్నాడు.

"వద్దన్నదాన్ని అబద్ధాలాడి మోసుకెళ్తున్నారా! బాగుంది వరస." లేచి, సామాన్లెత్తే మనిషిని చూసి, "ఐదు నిమిషాలాగు, చీటీ కట్టకు" అని, ఆయన వైపు తిరిగింది. "ఫోనుందిగా. రమ్మంటే ఎక్కిద్దాం. వద్దంటే నేనే తీసుకెళ్ళి మా గదిలో పెడతా, తిరిగొచ్చినప్పుడు తీసుకుపోదురుగాని. నడిచి." అని అవతలికి వెళ్ళి, వినపడనంత దూరంలో నిలబడింది.

ఫోనులో ముందు మిషను చప్పుడు, అది ఆగడం. "ఏం బావా, ఎక్కలేదా ఇంకా? విమానం తప్పిందంటే నీకిక్కడ భోజనం లేదు."

"ఒకటి అడగాలి. అక్క బండి తెస్తున్నాను, నీకు చెప్పకుండా. తప్పే. ఇప్పుడు తలుపు దగ్గరున్నాను. తేనా, వద్దా? నువ్వు చెప్పు."

ఆయన నోటినిండా మాటలు ఉన్నాయి. ఎక్కక్కర్లేదు, గుడ్డ కప్పి మూల పెడదాం. బయటికి తియ్యొద్దు, కొట్టు వరకే. నీకు కాదనుకో, ఇంట్లో ఉంటుందంతే. ఒక్కోటీ పెదవుల దాకా వచ్చింది, ఒక్కోటీ మింగాడు. మింగడం ఎంత కష్టం, గొంతులో గుటక కదులుతోంది, దాన్ని చూసి ఓర్చుకోలేని మనిషి ఎవరూ పక్కన లేరు. సామాన్లెత్తే మనిషి ఒక కాలి మీంచి ఇంకో కాలికి బరువు మార్చాడు. తలుపు లోపలినుంచి చల్లగాలి వస్తోంది.

"బావా."

"ఊఁ."

"అది ఎక్కిన మొదటిరోజు, అక్క ఏడ్చిందా?"

లేదమ్మా, నవ్వింది. ఎనిమిదేళ్ళుగా అందరికీ చెప్పిన జవాబు అది, నిజమే కూడా, గదిలో మూడు చుట్లు తిరిగి నవ్వింది, ఆయన చప్పట్లు కొట్టాడు. ఆ తరవాత పాలు లేవు, తెస్తారా అంది. పాలున్నాయేమో కదా అనుకుంటూనే వెళ్ళాడు. వచ్చేసరికి మొహం కడుక్కుని ఉంది, చెంపల దగ్గర జుట్టు తడిగా అంటుకుని. పాలు రెండు గిన్నెలయ్యాయి ఆవేళ. రెండూ కాచాడు, పొంగకుండా దగ్గరే నిలబడి, పొయ్యి వైపు తిరిగి.

"తెలీదమ్మా" అన్నాడు. "నేనడగలేదు."

అటు ఆమె ముక్కు చీదుకున్న చప్పుడు, కత్తెర ఏదో బల్ల మీద పెట్టిన చప్పుడు.

"తీసుకురా. నన్ను మాత్రం అడుగు బావా. నేను నవ్వినా సరే, అడుగు."